గుంజలా నిలబడే ధ్యానం: తావో సాధన ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ తప్పుతుంది

క్లుప్తంగా: చైనాలో జాన్ జువాంగ్ అని పిలిచే నిలువు ధ్యానంలో మంత్రం లేదు, కదలిక లేదు, ఖర్చు లేదు. అయినా మోకాళ్లు పట్టేశాయనో, భుజాలు లాగేస్తున్నాయనో మొదట్లోనే మానేసేవాళ్లు ఎక్కువ. లోతుగా వంగడం, తొందరగా నిమిషాలు పెంచడం, చేతులను ముందే ఎత్తడం దీనికి ప్రధాన కారణాలు. చేతులు దించుకుని, మోకాళ్లను కొద్దిగా సడలించి, రోజూ 3 నిమిషాలతో మొదలుపెడితే ఈ బాధల్లో చాలావరకు రావు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లకు వేరే జాగ్రత్తలున్నాయి.

గోడ కుర్చీతో వచ్చిన చిక్కు

బడిలో గోడ కుర్చీ వేసిన తరానికి కదలకుండా నిలబడటం అనగానే గుర్తొచ్చేది శిక్షే. ఫోన్లలో తిరిగే వీడియోలు కూడా ఈ సాధనను అలాగే చూపిస్తున్నాయి: తొడలను నేలకు సమాంతరంగా దించి, చేతులు చాపి, చెమటలు కక్కుతూ గంటసేపు నిలబడటం. చూసేవాళ్లకు ఇదేదో ఓర్పు పరీక్ష అనిపిస్తుంది. మరికొన్ని వీడియోలు ఇంకో కొసకు పోతాయి. అరచేతుల్లో శక్తి పుడుతుందని, వెన్నులో కరెంటు పాకుతుందని చెబుతాయి. ఈ రెంటి మధ్యా అసలు పని మరుగున పడుతోంది.

అసలు పని సాదాసీదాది. పడిపోకుండా నిలబడటానికి ఒంట్లో ఎంత బిగువు కావాలో అంతే ఉంచుకుని, మిగతాదాన్ని ఒక్కో చోట వదిలేస్తూ పోవడం. దవడ, భుజాలు, పొట్ట, నడుము, తొడలు ఇలా ఏ భాగం అవసరానికి మించి పని చేస్తోందో కదలకుండా నిలబడితేనే తెలుస్తుంది. నడుస్తున్నప్పుడు ఆ బిగువు కదలికలో కలిసిపోయి దొరకదు.

పేరు, పుట్టుక

జాన్ అంటే నిలబడటం. జువాంగ్ అంటే నేలలో పాతిన గుంజ. పెళ్లి పందిరికి గుంజ పాతేవాళ్లకు ఈ పేరులోని మర్మం వేరే చెప్పనక్కర్లేదు: కనిపించే కర్రను నిలబెట్టేది కనిపించని భాగం. సాధనలోనూ నడుము నుంచి కింది సగం బరువు మోస్తుంది, పై సగం తేలిగ్గా ఉంటుంది.

దీన్ని చైనా పాత మతమైన తావోకు చెందిన సాధన అనడం సగమే సరైనది. చైనా వైద్యానికి మూలగ్రంథమైన హువాంగ్‌దీ నేయ్‌జింగ్ మొదటి అధ్యాయంలో, పూర్వకాలపు సిద్ధపురుషులు ఒంటరిగా నిలిచి మనసును కాపాడుకునేవారన్న మాట ఉంది. నిలువు సాధన పాతదని చెప్పేవాళ్లంతా ఈ వాక్యాన్నే చూపిస్తారు. 1973లో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయి మూడో సమాధిలో ఒక పట్టు వస్త్రం దొరికింది. ఆ సమాధి క్రీ.పూ. 168 నాటిది. వస్త్రం మీద 44 మంది రకరకాల భంగిమల్లో కనిపిస్తారు. అయితే అవి ఒళ్లు వంచి, సాగదీసి చేసే వ్యాయామాలు, కదలకుండా నిలబడటం కాదు. తావో మఠాల్లో ధ్యానానికి పెద్దపీట ఎప్పుడూ కూర్చునే పద్ధతిదే.

ఇప్పుడు మనం చూస్తున్న రూపం ఎక్కువగా యుద్ధవిద్యల నుంచి వచ్చింది. షింగ్‌యీచువాన్ అనే యుద్ధవిద్య నేర్చిన వాంగ్ షియాంగ్‌జాయ్ (1885–1963) వరుసగా కట్టిన విన్యాసాలను పక్కనపెట్టి, నిలబడటాన్నే శిక్షణకు కేంద్రంగా చేసి యీచువాన్ అనే పద్ధతిని తెచ్చాడు. తర్వాత ఆరోగ్యం కోసం వచ్చినవాళ్లకూ అదే నేర్పాడు. 1950ల్లో చైనా ఆరోగ్య కేంద్రాల్లో చీగాంగ్ అనే పేరు కింద ఇలాంటి పాత పద్ధతులన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి. తావో మతం నుంచి దీనికి అందింది భంగిమ కంటే దృష్టి. చేతులు దించుకుని నిలబడే మొదటి భంగిమ పేరే వూజీ, అంటే రెండుగా చీలకముందున్న స్థితి. బలవంతం చేయకుండా పని జరగనివ్వడం అనే వూ వేయ్ భావన ఇందులో ప్రతి సూచనలోనూ ఉంటుంది.

అగ్గలయ్య గుట్ట మీది పోలిక

నిలబడి ధ్యానం చేయడం ఓరుగల్లు ప్రాంతానికి కొత్తేమీ కాదు. హనుమకొండ అగ్గలయ్య గుట్ట రాతి మీద చెక్కిన నిలువెత్తు తీర్థంకరులను చూసినవాళ్లకు జైనుల కాయోత్సర్గ భంగిమ తెలిసే ఉంటుంది. పాదాలు దగ్గరగా, కాళ్లు నిటారుగా, చేతులు ఒంటికి తగలకుండా కిందికి వేలాడుతూ. పై చూపుకు వూజీ కూడా ఇలాగే ఉంటుంది. తేడా లోపల ఉంది. కాయోత్సర్గం అంటేనే కాయాన్ని వదిలేయడం. దేహం మీద మమకారం తెంచుకోవడమే దాని లక్ష్యం. జాన్ జువాంగ్ దేహాన్ని వదలదు. అరికాలు నుంచి నడినెత్తి దాకా ఒంట్లోనే తిరుగుతూ ఉంటుంది. యోగాలోని తాడాసనం మూడో దారి: అందులో కండరాలను పైకి లాగి బిగిస్తారు, ఇందులో బరువును కిందికి జారనిస్తారు. తాడాసనం బాగా వంటబట్టినవాళ్లు ఇది మొదలుపెడితే ఛాతీ ఎత్తి, మోకాళ్లు బిగించి నిలబడటం మామూలే. వాళ్లకు మొదటి నెల అలవాటు మాన్పించుకోవడంతోనే సరిపోతుంది.

ఒంట్లో జరిగేది

మామూలుగా నిలబడినప్పుడు శరీర బరువు గీత చీలమండకు కొద్దిగా ముందు నుంచి దిగుతుంది. అందుకే మనిషి ఎప్పుడూ కాస్త ముందుకు పడబోతూ ఉంటాడు, లోపలి పిక్క కండరం ఎప్పుడూ వెనక్కి పట్టి ఉంచుతూ ఉంటుంది. ఆ కండరం నిండా నెమ్మదిగా పనిచేసే, తొందరగా అలసిపోని పోగులే. మోకాలి దగ్గర ఆ గీత కీలుకు ముందు నుంచి పోతుంది కాబట్టి, మోకాలిని వెనక్కి బిగిస్తే స్నాయువులే తాళం వేసినట్టు పట్టుకుంటాయి. తొడ కండరానికి పని ఉండదు. బస్టాండులో గంటసేపు నిలబడగలగడం ఈ తాళం చలవే.

నిలువు ధ్యానం ఆ తాళం తీస్తుంది. మోకాలిని పిసరంత సడలించగానే తొడ ముందు కండరాలు రంగంలోకి దిగుతాయి. రెండు మూడు నిమిషాల్లో తొడల్లో వెచ్చదనం, ఆ తర్వాత సన్నటి వణుకు వస్తాయి. ఆ వణుకును శక్తి ప్రవాహమని కొందరు చెబుతారు. నిజానికి అలసిన కండరంలో కొన్ని పోగులు తప్పుకుని కొత్తవి పని అందుకునేటప్పుడు లయ తప్పడం వల్ల వచ్చేదది. అందులో భయపడాల్సిందీ లేదు, గొప్ప చెప్పుకోవాల్సిందీ లేదు.

రక్తం సంగతి ఇంకాస్త ముఖ్యం. మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం నడుము కిందికి జారుతుంది. నడిచేటప్పుడు పిక్కలు పిండినట్టు కదిలి దాన్ని పైకి తోస్తాయి. కదలకుండా, మోకాళ్లు బిగించి, ఎండలో నిలబడితే ఆ తోపు ఆగిపోతుంది. పరేడ్‌లో నిలబడ్డ కుర్రాళ్లు దబ్బున పడిపోవడానికి కారణం ఇదే. మోకాలి తాళం తీయడం, ఒళ్లు సహజంగా ఊగుతుంటే ఊగనివ్వడం దీనికి మందు. నిజానికి ఎవరూ గుంజలా కదలకుండా నిలబడలేరు. నిలువుగా ఉన్న ప్రతి ఒళ్లూ ఒక సన్నటి వలయంలో ఊగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలని చూసినప్పుడే బిగువు మొదలవుతుంది.

అలాగైతే సిరిసిల్ల మరమగ్గాల దగ్గరో, బట్టల దుకాణాల్లోనో రోజంతా నిలబడేవాళ్లకు ఈ లాభం ఎప్పుడో అంది ఉండాలి కదా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. అందదు. ఆ నిలబడటంలో మోకాళ్లు బిగిసి ఉంటాయి, ఒళ్లు ఒక తుంటి మీద వాలి ఉంటుంది, గంటలు చాలా ఎక్కువ. అలాంటి ఉద్యోగాలు కాళ్ల నరాలు ఉబ్బడానికి దారి తీస్తాయి. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి కావలసింది మరో పది నిమిషాల నిలువు సాధన కాదు, కాళ్లు ఎత్తి పెట్టుకుని పడుకోవడం. బీడీలు చుడుతూ రోజంతా వంగి కూర్చునేవాళ్లకు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు మాత్రం ఈ సాధన బాగా అతుకుతుంది. తుంటి కీళ్లు తెరుచుకుంటాయి, ముందుకు వాలిన మెడకు ఊరట దొరుకుతుంది.

అడుగు నుంచి పైకి

సమమైన నేల కావాలి. గచ్చయినా, షాబాదు బండలైనా, గట్టి మట్టయినా సరే. మెత్తటి పరుపు, ఇసుక పనికిరావు. ఒట్టి కాళ్లు లేదా పలుచటి అడుగున్న చెప్పులు చాలు. చలికాలంలో బండల మీద జనపనార గోనె పరుచుకోవచ్చు.

మొదటి రోజు చేసి చూడదగిన పని ఒకటుంది. పాదాలు తడిపి, పొడి బండ మీద మామూలుగా నిలబడి పక్కకు జరగాలి. అచ్చు నిండుగా, మధ్యలో వంపు లేకుండా పడితే పాదం లోపలికి వాలుతోందని అర్థం. అలాంటి పాదం మీద మోకాలు సడలించగానే అది రెండో మోకాలి వైపు ఒరుగుతుంది, కీలు లోపలి అంచు మీద ఒత్తిడి పడుతుంది. వాళ్లు కాలి బొటనవేలి మొదలును నేలకు ఆనించి ఉంచుతూనే అరికాలి మధ్యభాగాన్ని కాస్త గొడుగులా లేపి, ఆ తర్వాతే మోకాలు సడలించాలి.

పాదాల మధ్య ఎడం భుజాలంత, అంటే దాదాపు జానెడున్నర. రెండు పాదాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. బరువు మడమ, బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు ఈ మూడు చోట్లా పంచుకోవాలి. పరీక్షకు కాలివేళ్లను పైకి లేపి చూడాలి. ఒళ్లు వెనక్కి తూలితే అప్పటిదాకా బరువు వేళ్ల మీద ఉన్నట్టు. అరికాలి ముందు భాగంలోని గుంట దగ్గర చైనా వైద్యులు గుర్తించిన బిందువు పేరు యోంగ్‌చువాన్, ఉబికే బుగ్గ అని అర్థం. బరువు దిగాల్సిన చోటును గుర్తుపెట్టుకోవడానికి ఆ పేరు చక్కగా ఉపయోగపడుతుంది.

మోకాళ్లు: వంచడం కాదు, తాళం తీయడం. కిందికి చూస్తే చిప్ప రెండో వేలి మీద ఉండాలి, వేళ్ల కొసలను దాటకూడదు. పక్కనున్న మనిషికి వంగినట్టు కనీకనిపించకుండా ఉంటే సరిపోయినట్టే.

నడుము దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఎత్తు స్టూలు అంచున కూర్చోబోయి ఆగినట్టు తోక ఎముకను కిందికి జారనివ్వాలి. పిరుదులు బిగించి నడుమును ముందుకు తోస్తే వెన్ను సహజమైన వంపు పోతుంది, తొడల ముందు భాగం మండిపోతుంది. అలాగని పొట్ట ముందుకు వేసి నడుము వెనక వంచితే భారమంతా నడుము ఎముకల మీద పడుతుంది. బొడ్డుకు సరిగ్గా వెనక, మింగ్‌మెన్ అని పిలిచే చోట అరచేయి ఆనించి ఊపిరి తీస్తే ఆ చోటు కొద్దిగా ఉబ్బినట్టు తెలియాలి. తెలిస్తే నడుము సడలినట్టు.

పై సగానికి నెత్తిన నీళ్ల బిందె మోసే నడక గుర్తుంచుకుంటే చాలు. గడ్డం కొద్దిగా లోపలికి, మెడ వెనక పొడుగ్గా. తల బరువు 5 కిలోల దాకా ఉంటుంది. అది ముందుకు వాలిన కొద్దీ మెడ వెనక కండరాలు దాన్ని లాగి పట్టుకోవాలి. భుజాలను ఒకసారి చెవుల దాకా ఎత్తి వదిలేయాలి. చంకలో నిమ్మకాయ పట్టేంత ఖాళీ ఉంచి, చేతులను తొడల పక్కన వేలాడనివ్వాలి. నోరు మూసి, నాలుక కొసను పై పళ్ల వెనక ఆనించాలి. ఊపిరి ముక్కుతో, దాని ఇష్టానికి దాన్ని వదిలేయాలి. లెక్కపెట్టడం, బిగపట్టడం వద్దు.

కళ్లు మూసుకోవాలా? కొత్తవాళ్లు మూసుకోకపోవడమే మంచిది. నిలకడకు చూపు కూడా ఒక ఆధారం. అది తీసేస్తే ఊగడం పెరుగుతుంది, ఒళ్లు దాన్ని ఆపడానికి మళ్లీ బిగుసుకుంటుంది. కనురెప్పలు సగం దించి, దూరంగా ఉన్న చెట్టునో గుట్టనో దేన్నీ పట్టి చూడకుండా చూస్తే సరిపోతుంది.

చేతులు ఎత్తే దశ

చెట్టును కౌగిలించుకున్నట్టుండే ప్రసిద్ధ భంగిమ రెండో నెలలో మొదలవ్వాల్సినది. ఒక చేయి బరువు ఒంటి బరువులో దాదాపు 5 శాతం. అంటే 60 కిలోల మనిషికి రెండు చేతులూ కలిపి 6 కిలోలు. దాన్ని ఛాతీ ముందు గాలిలో నిలపాలంటే మెడకూ భుజానికీ మధ్యనున్న కండరం ముందుగా పైకి లేస్తుంది. భుజాల నొప్పి అంతా అక్కడిదే.

చెట్టు పోలిక కంటే ఇక్కడివాళ్లకు బతుకమ్మ పోలిక బాగా నప్పుతుంది. పెద్ద బతుకమ్మను రెండు చేతుల మధ్య ఛాతీ ఎత్తులో పట్టుకున్నప్పుడు గట్టిగా అదిమితే పూలు నలుగుతాయి, వదులు చేస్తే తాంబాలం జారుతుంది. ఆ రెండింటికీ నడుమ ఉండే పట్టే కావలసింది. అరచేతులు ఛాతీ వైపు, రెండు చేతుల వేళ్ల మధ్య రెండు పిడికిళ్ల ఎడం, మోచేతులు భుజాల కంటే కిందికి. భుజం లేస్తోందనిపిస్తే చేతులను బొడ్డు ఎత్తుకు దించేయాలి. పళ్లు బిగపట్టి అక్కడే ఉంచడం వల్ల ఒరిగేది లేదు. మొదట్లో 2 నిమిషాలు చాలు.

మనసు ఎక్కడ ఉండాలి

పాత గ్రంథాలు బొడ్డుకు మూడు నాలుగు వేళ్ల కింద, ఒంటి లోపల ఉన్న దాన్‌తియాన్ మీద మనసు నిలపమంటాయి. కొత్తవాళ్లు దాన్ని గురిపెట్టి చూడటంతో పొత్తికడుపు రాయిలా బిగుస్తుంది. అందుకే మొదటి నెల అరికాళ్ల దగ్గరే మనసు ఉంచడం మేలు. బరువు ఎడమ కాలికి పోతోందా, కుడికా అని గమనిస్తూ ఉంటే ఆలోచనలు వచ్చినా వాటి దారిన అవి పోతాయి. అరచేతులు వెచ్చబడటం, వేళ్లు తిమ్మిరెక్కినట్టుండటం, చేతులు ఉబ్బినట్టు తోచడం సాధారణమే. వాటి వెంట పడకూడదు. ఒళ్లు దానంతటదే పెద్దగా ఊగడం, అరుపులు, ఏడుపు లాంటివి వస్తే గొప్ప అనుభవమని కొనసాగించకుండా ఆపి నడవాలి. చైనాలో ఇలాంటి వికటింపులకు పాత పేరే ఉంది. 1994లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం కూడా చీగాంగ్ వల్ల తలెత్తే మానసిక కలతను ప్రస్తావించింది. గతంలో తీవ్రమైన మానసిక అస్వస్థత ఉన్నవాళ్లు ఒంటరిగా దీర్ఘ సాధన చేయకూడదనడానికి ఇదే ఆధారం.

నిమిషాలు, వేళ, చోటు

మొదటి వారం 3 నిమిషాలు, వీలైతే పొద్దున, సాయంత్రం రెండు పూటలా. రెండో వారం 5. నెల చివరకు 8 నుంచి 10. మూడో నెలకు 20 నిమిషాలు. ఒక రోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయడం పనికిరాదు. అలా చేసినవాళ్ల మోకాళ్లే ముందు మొరాయిస్తాయి. ఫోన్‌లో అలారం పెట్టి పక్కన పడేయాలి, లేకపోతే ప్రతి అర నిమిషానికీ గడియారం వైపే చూపు పోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో పొద్దున 6 దాటితే బయట నిలబడటం మానుకోవాలి. వేడికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, కాళ్లలోకి జారిన రక్తం అక్కడే ఆగుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. భద్రకాళి చెరువు కట్ట, పబ్లిక్ గార్డెన్ లాంటి చోట్లు తెల్లవారుజామున బాగుంటాయి, సాయంత్రం మాత్రం దోమలు ఏకాగ్రతకు పరీక్ష పెడతాయి. ఇంట్లో దర్వాజ పక్కన గాలి ఆడే చోటు చాలు. ఫ్యాన్ గాలి నేరుగా ఒంటి మీద పడకూడదని సంప్రదాయం చెబుతుంది. చెమట పట్టిన మెడ మీద చల్లగాలి తగిలితే కండరం పట్టేస్తుందన్న అనుభవమే దీని వెనక ఉన్నట్టుంది.

కడుపు నిండా తిన్నాక గంటన్నర ఆగాలి. పూర్తిగా ఖాళీ కడుపూ మంచిది కాదు. ఒక గ్లాసు తైదంబలి తాగి పావుగంట తర్వాత మొదలుపెట్టవచ్చు. ముగించేటప్పుడు చటుక్కున కదలకూడదు. రెండు అరచేతులనూ పొత్తికడుపు మీద పెట్టుకుని పది ఊపిరులు, ఆ తర్వాత మోకాళ్లు మెల్లగా నిటారు, తర్వాత రెండు నిమిషాల నడక. పిక్కల్లో ఆగిన రక్తాన్ని పైకి పంపేది ఆ నడకే, దాన్ని ఎగ్గొట్టేవాళ్లకే కాళ్లు బరువెక్కుతాయి.

నొప్పుల లెక్క

తొడల్లో మంట, వణుకు, భుజాల్లో అలసట కండరానివి, ఆపగానే పోతాయి. మోకాలి లోపలో, చిప్ప కిందో పోటు పొడిచినట్టుంటే అది కీలుది. అప్పటికప్పుడు మోకాళ్లు నిటారు చేసి ఆపేసి, మర్నాడు సగం లోతుకే రావాలి. నడుము నొప్పి కాలిలోకి పాకితే ఆపి డాక్టర్‌కు చూపించాలి. తల తేలికవడం, చెవుల్లో హోరు, ఆవలింతలు, చల్లటి చెమట పడిపోవడానికి ముందు వచ్చే గుర్తులు. వెంటనే కూర్చుని తల కిందికి వంచాలి, వీలైతే పడుకుని కాళ్లు ఎత్తాలి. ఇంకో నిమిషమే కదా అని ఓర్చుకోవడం ఇక్కడ ప్రమాదం.

బీపీ తగ్గించే మాత్రలు వాడేవాళ్లు మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో చేయకపోవడం మంచిది. షుగర్ ఉన్నవాళ్లకు రెండు చిక్కులు: ఇన్సులిన్ తీసుకుని తినకుండా నిలబడితే షుగర్ పడిపోవచ్చు, అరికాళ్ల స్పర్శ తగ్గినవాళ్లకు బరువు ఎక్కడ పడుతోందో తెలియదు. వాళ్లు కుర్చీ వీపును ముందు పెట్టుకుని నిలబడాలి. కాళ్ల నరాలు ఉబ్బినవాళ్లు, గర్భిణులు, మోకాలి చిప్పలు అరిగినవాళ్లు కూర్చునే చేయవచ్చు. కుర్చీ అంచున వీపు ఆనించకుండా కూర్చుంటే నడుము నుంచి పైభాగం సూచనలన్నీ అలాగే వర్తిస్తాయి.

ఎంత ఆశించవచ్చు

ఒట్టి నిలువు సాధన మీద జరిగిన పరిశోధన తక్కువ. దీని దగ్గరి చుట్టం, మెల్లగా కదులుతూ చేసే తాయ్ చీ గురించి ఎక్కువ తెలుసు: పెద్దవయసువాళ్లు పడిపోయే ఘటనలు దానివల్ల దాదాపు 19 శాతం తగ్గవచ్చని వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష లెక్కగట్టింది, ఆధారాల బలం మాత్రం తక్కువేనని చెబుతూనే. తాయ్ చీలో బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మారుతుంది, ఇందులో మారదు; కాబట్టి ఆ అంకె ఇక్కడికి అలాగే రాదు.

రెండో అంకె ఇంకా తికమక పెడుతుంది. కదలకుండా కండరాన్ని బిగించి ఉంచే వ్యాయామాలు బీపీని అన్నిటికంటే బాగా తగ్గిస్తున్నాయని 270 పరీక్షలను కలిపి చూసిన 2023 నాటి ఒక విశ్లేషణ తేల్చింది. పై అంకె మీద అందులో ముందు నిలిచింది మరేదో కాదు, మన గోడ కుర్చీయే. దీన్ని పట్టుకుని నిలువు ధ్యానం బీపీకి మందని ప్రచారం మొదలైంది. ఆ పరీక్షల్లో సాధారణంగా వాడిన మోతాదు వేరు: లోతైన వంపులో 2 నిమిషాలు, మధ్యలో విరామంతో నాలుగు సార్లు, వారానికి మూడు రోజులు. వూజీలో తొడ మీద పడే భారం అందులో పిసరు. పైగా ఊపిరి బిగపట్టి గోడ కుర్చీ వేస్తే ఆ కాసేపు బీపీ పైకే పోతుంది. బీపీ కోసమే చేయాలనుకునేవాళ్లు డాక్టర్‌ను అడిగి ఆ వ్యాయామాన్ని ఆ మోతాదులో చేయాలి. మాత్ర మాత్రం మానకూడదు.

నిలువు సాధన వల్ల మొదట కనిపించే మార్పు చిన్నది. ఆరు, ఎనిమిది వారాల తర్వాత ఏటీఎం లైన్‌లోనో, పొయ్యి దగ్గరో నిలబడి ఉండగా మోకాళ్లు బిగిసి ఉన్నాయని, ఒళ్లు ఎడమ తుంటి మీద వాలిందని ఉన్నట్టుండి తెలుస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఆ తాళం తీసుకుంటారు.